లెక్క మారినప్పుడల్లా ర్యాప్ పైకొచ్చింది

1980లో కర్టిస్ బ్లో పాడిన 'ద బ్రేక్స్' అనే ర్యాప్ పాట అమెరికాలో గోల్డ్ సర్టిఫికెట్ తెచ్చుకునేంతగా అమ్ముడుపోయింది. నల్లజాతి శ్రోతల సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక విడిగా వేసే చార్టులో అది 4వ స్థానం దాకా ఎక్కింది. అదే పత్రిక దేశమంతటికీ కలిపి వేసే హాట్ 100 చార్టులో మాత్రం 87 దగ్గరే ఆగిపోయింది. పాట ఒకటే, ఏడాది ఒకటే, పత్రికా ఒకటే. ఒక పట్టికలో 4, ఇంకో పట్టికలో 87.

ర్యాప్‌కీ పాప్ రేడియోకీ మధ్య నలభై ఏళ్లకు పైగా నడిచిన వ్యవహారమంతా ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉంది. మామూలుగా దీన్ని జనం అభిరుచి మారిన కథగా చెబుతుంటారు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో పుట్టిన కొత్త తరహా పాట మెల్లమెల్లగా అందరి చెవులకూ అలవాటై, చివరికి పాప్‌లో కలిసిపోయిందని అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ పాటల తేదీలను, చార్టుల నిబంధనలు మారిన తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చార్టులు ఒప్పుకోకముందే ర్యాప్ వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లను లెక్కపెట్టే పద్ధతి మారిన ప్రతిసారీ ర్యాప్ రాత్రికి రాత్రి ఎదిగినట్టు కనిపించింది. పాప్ రేడియో చాలాసార్లు అందరికంటే వెనకాల వచ్చింది, వచ్చినప్పుడు కూడా తన షరతులు పెట్టే వచ్చింది.

స్టేషన్ల మధ్య గోడలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎఫ్‌ఎం పెడితే ఏ స్టేషన్‌లోనైనా సినిమా పాటలే. మెలోడీ, మాస్ పాట, మధ్యలో నాలుగు ర్యాప్ లైన్లున్న పాట, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. అమెరికా రేడియో అలా ఉండదు. అక్కడ ఒక్కో స్టేషన్‌కు ఒక్కో ఫార్మాట్ ఉంటుంది. అమెరికా పల్లె బాణీల సంగీతాన్ని కంట్రీ అంటారు, కంట్రీ స్టేషన్ ఆ పాటలే వేస్తుంది, రాక్ స్టేషన్ రాక్ పాటలే. నల్లజాతి శ్రోతల కోసం నడిచే స్టేషన్లను పరిశ్రమ 'అర్బన్' అని పిలిచేది. పాపులర్ పాటల్ని కొన్నింటినే ఎంచుకుని, వాటినే తిప్పి తిప్పి వేసేది టాప్ 40 ఫార్మాట్. 1950ల మొదట్లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో టాడ్ స్టార్జ్ నడిపిన స్టేషన్‌లో ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. సామాన్య భాషలో పాప్ రేడియో అంటే ఇదే.

ఏ పాట వెయ్యాలో తేల్చేది ప్రోగ్రామ్ డైరెక్టర్. ఆయన వెనుక ప్రకటనదారులు ఉంటారు. శ్రోతల సంఖ్య ఒక్కటే వాళ్లకు సరిపోదు, ఆ శ్రోతల వయసెంత, సంపాదనెంత, ఏ కొనుగోళ్లు చేస్తారు అన్నది కావాలి. 25 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లంటే ప్రకటనలకు మంచి ధర. పదహారేళ్ల కుర్రాళ్లు ఎగబడి వినే పాట స్టేషన్‌కు రేటింగ్ తెచ్చినా, డబ్బు తేవాలని లేదు. ర్యాప్‌కు ఎదురైన అడ్డంకి సగం ఇక్కడే ఉంది. మిగతా సగం జాతి వివక్ష. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి కాబట్టి, విడదీసి ఇది వ్యాపారం, అది వివక్ష అని చెప్పడం కుదరదు.

1999లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ చేయించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని కాగితం మీద పెట్టింది. నల్లజాతి, హిస్పానిక్ శ్రోతల స్టేషన్లకు మంచి రేటింగ్ ఉన్నా వాటికి ప్రకటనలు ఇవ్వవద్దని కొన్ని కంపెనీలు ఏజెన్సీలకు ముందే చెప్పేసేవి. ప్రకటనలు ఇచ్చినా తక్కువ ధరకే ఇచ్చేవి. పాటను కాదు, పాట వినేవాళ్లను చూసి ధర కట్టడం అంటే ఇదే.

మొదటి పదేళ్లు

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబర్ భవనంలో డీజే కూల్ హెర్క్ పెట్టిన పార్టీని హిప్‌హాప్, అంటే ర్యాప్ భాగంగా ఉన్న సంగీత సంస్కృతి, పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆరేళ్లు అది పార్టీల్లో, పార్కుల్లో, చేతులు మారే క్యాసెట్లలోనే బతికింది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ 'ర్యాపర్స్ డిలైట్' వచ్చింది. అప్పటికే జనం నోట్లో నానుతున్న షీక్ బృందం డిస్కో పాట 'గుడ్ టైమ్స్' బాణీ మీద నడిచిన ఈ పాట, 1980 జనవరికి హాట్ 100లో 36వ స్థానానికి చేరింది. పూర్తి రికార్డు నిడివి దాదాపు పావుగంట. మూడు నిమిషాల పాటకు అలవాటుపడ్డ పాప్ స్టేషన్ దాన్ని పూర్తిగా వేసే ప్రశ్నే లేదు, కుదించిన వెర్షన్ వచ్చాకే దారి దొరికింది. తెలిసిన బాణీ, కత్తిరించిన నిడివి. ఆ తర్వాత పాప్ రేడియో ర్యాప్‌ను ఎప్పుడు లోపలికి రానిచ్చినా దాదాపు ఇవే షరతులు.

కాలం కూడా కలిసిరాలేదు. 1979 జూలైలో షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పేల్చేసిన ఘటన తర్వాత పాప్ స్టేషన్లు డిస్కోకే కాదు, నల్లజాతి కళాకారుల పాటలకే దూరం జరిగాయి. 1981లో మొదలైన మ్యూజిక్ వీడియోల టీవీ చానల్ ఎంటీవీ కూడా తొలి రెండేళ్లు వాళ్ల వీడియోలు చాలా తక్కువగా వేసింది. ఆ వాతావరణంలోనే 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ 'ద మెసేజ్' వచ్చింది. పేదరికం గురించి, పగిలిన అద్దాల వీధుల గురించి అంత సూటిగా మాట్లాడిన పాట అంతకుముందు ర్యాప్‌లో లేదు. అదీ నల్లజాతి చార్టులో 4వ స్థానానికి వెళ్లి, హాట్ 100లో 62 దగ్గర ఆగింది. అంతకు ముందు ఏడాదే బ్లాండీ అనే తెల్లజాతి న్యూవేవ్ బృందం కొంత ర్యాప్ కలిపి చేసిన 'ర్యాప్చర్' నంబర్ వన్ అయింది. ర్యాప్ అన్నది జనం చెవికి పడకపోవడమే కారణమైతే ఇది జరిగేది కాదు.

రేడియోలో ర్యాప్‌కు దొరికిన మొదటి చోటు రాత్రి వేళలు. న్యూయార్క్‌లో డబ్ల్యూబీఎల్ఎస్‌లో మిస్టర్ మ్యాజిక్, కిస్ ఎఫ్‌ఎంలో రెడ్ అలర్ట్ వారాంతపు రాత్రుల్లో మిక్స్ షోలు, అంటే పాటల్ని ఒకదానిలో ఒకటి కలుపుతూ వేసే కార్యక్రమాలు, చేసేవారు. లాస్ ఏంజెలెస్‌లో కేడే అనే ఏఎం స్టేషన్ గ్రెగ్ మ్యాక్ చేతిలో పగలు కూడా ర్యాప్ వెయ్యడం మొదలుపెట్టింది. గరగరలాడే ఏఎం సిగ్నల్ మీద నడిచిన ఆ స్టేషన్ 1991లో చేతులు మారి ఫార్మాట్ మార్చుకుంది. ర్యాప్‌కు లెక్కలు అనుకూలించడం మొదలైన సంవత్సరం కూడా అదే. దారి వేసినవాళ్లకు ఫలం దక్కలేదన్న బాధ ఇక్కడ కలగకమానదు.

1986లో రన్-డీఎంసీ, రాక్ బృందం ఏరోస్మిత్‌తో కలిసి 'వాక్ దిస్ వే' పాటను మళ్లీ చేసి 4వ స్థానానికి చేరింది. 1988లో ఎంటీవీ ర్యాప్ కోసమే ఒక షో పెట్టింది. 1990లో ఎంసీ హ్యామర్ ఆల్బమ్ 21 వారాలు ఆల్బమ్ చార్టు తలమీద కూర్చుంది. దాని పేరుమోసిన పాట 'యూ కాంట్ టచ్ దిస్' మాత్రం హాట్ 100లో 8వ స్థానం దాటలేదు. మామూలు చిన్న సింగిల్‌గా (ఒక పాట కోసం విడిగా అమ్మే రికార్డుగా) కాకుండా 12 అంగుళాల రికార్డుగానే అమ్మడంతో సింగిల్ అమ్మకాల లెక్క తక్కువగా తేలింది. పాట కావాలంటే ఆల్బమ్ కొనుక్కోండి అన్నది కంపెనీ ఎత్తు. అదే ఏడాది నవంబరులో వెనిలా ఐస్ 'ఐస్ ఐస్ బేబీ' హాట్ 100లో మొదటి స్థానానికెక్కింది. ఒక ర్యాపర్ పాటకు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. పదేళ్ల పాటు నల్లజాతి కళాకారులు కట్టిన మెట్లెక్కి తెల్లజాతి కుర్రాడు ముందు పైకి చేరడం యాదృచ్ఛికమేమీ కాదు. స్టేషన్లు ఎవరికి తలుపు తీయడానికి సిద్ధంగా ఉన్నాయో అది చెబుతుంది.

బార్‌కోడ్ వచ్చిన ఏడాది

1991 దాకా చార్టులు తయారైన తీరు ఇప్పుడు వింటే ఆశ్చర్యం వేస్తుంది. బిల్‌బోర్డ్ మనుషులు రికార్డు షాపులకు ఫోన్ చేసి ఈ వారం ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. కౌంటర్‌లో ఉన్న గుమాస్తా తనకు తోచిన వరుస చెప్పేవాడు. రేడియో స్టేషన్ల సంగతీ అంతే. ఏ పాటలు వేస్తున్నాం అన్న జాబితా ప్రోగ్రామ్ డైరెక్టరే పంపేవాడు. నిజంగా వేసినవెన్ని, కంపెనీ ప్రతినిధి మొహమాటానికి కాగితం మీద చేర్చినవెన్ని అన్నది ఎవరికీ తెలియదు. షాపులో ర్యాప్, కంట్రీ క్యాసెట్లు కుప్పలుగా పోతున్నా, గుమాస్తా దృష్టిలో 'పెద్ద పాట' అంటే రాకో పాపో అయితే వరుసలో అవే ముందుండేవి.

1991 మే నెలాఖరున ఆల్బమ్ చార్టు సౌండ్‌స్కాన్ పద్ధతికి మారింది. షాపులో బార్‌కోడ్ స్కాన్ అయిన ప్రతి అమ్మకమూ నేరుగా లెక్కలోకి వచ్చింది. నెల తిరక్కుండానే లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌కు చెందిన ర్యాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ ఆల్బమ్ నంబర్ వన్ అయింది. పాప్ రేడియో ఆ బృందాన్ని దాదాపుగా ముట్టుకోలేదు, ఎంటీవీ కూడా అంతంతమాత్రమే. అయినా దేశంలో ఎక్కువ మంది డబ్బు పెట్టి కొన్న ఆల్బమ్ అదే. అదే ఏడాది సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. అంటే కొత్త లెక్క ర్యాప్‌కు ప్రత్యేకంగా చేసిపెట్టింది ఏమీ లేదు. పాత లెక్క ఎవరెవరిని తక్కువ చేసి చూపిందో వాళ్లందరినీ ఒకేసారి బయటపెట్టింది.

నవంబరు 30 నాటి సంచికతో హాట్ 100 కూడా మారింది. అమ్మకాలకు సౌండ్‌స్కాన్, రేడియోకు బీడీఎస్. ఈ రెండోది కంప్యూటర్లతో స్టేషన్లను రోజంతా వింటూ, ఏ పాట ఎన్నిసార్లు ప్రసారమైందో తనంతట తాను గుర్తుపట్టి రాసుకునే వ్యవస్థ. కొత్త లెక్కలో మొదటి నంబర్ వన్ పీఎం డాన్ అనే నల్లజాతి హిప్‌హాప్ జంట పాట. మరుసటి ఏడాది క్రిస్ క్రాస్ 'జంప్' 8 వారాలు, సర్ మిక్స్-ఎ-లాట్ పాట 5 వారాలు పైన కూర్చున్నాయి. ఆరు నెలల్లో అమెరికన్ల చెవులు మారిపోలేదు. వాళ్లు అప్పటికే వింటున్నదేమిటో పత్రికకు తెలిసొచ్చింది, అంతే.

అయితే ఈ అద్దం చూసి పాప్ రేడియో సంతోషించలేదు. 1990ల మొదట్లో చాలా స్టేషన్లు 'హిట్లన్నీ ఉంటాయి, ర్యాప్ ఉండదు' అన్న అర్థం వచ్చే నినాదాలతో తమను తాము అమ్ముకున్నాయి. కారులో పిల్లలతో వెళ్లే తల్లిని, ఆఫీసులో రేడియో పెట్టుకునే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకున్న నినాదమది. టాప్ 40 స్టేషన్ల సంఖ్య ఆ కాలంలో బాగా పడిపోయింది. కొన్ని పెద్దవాళ్ల సంగీతం వైపు మళ్లాయి, కొన్ని డాన్స్, ఆర్ అండ్ బీ (నల్లజాతి కళాకారుల సంగీతంలోంచి వచ్చిన పాటల శైలి), ర్యాప్ కలిపిన 'రిథమిక్' దారి పట్టాయి. లాస్ ఏంజెలెస్‌లో పవర్ 106, శాన్‌ఫ్రాన్సిస్కోలో కేఎంఈఎల్, న్యూయార్క్‌లో హాట్ 97 ఆ దారిన వెళ్లి బాగుపడ్డాయి. ఇవే ర్యాప్‌కూ పాప్‌కూ మధ్య మెట్టుగా నిలిచాయి. ఒక పాట ముందు ఇక్కడ నిలదొక్కుకుంటే, ఊళ్లోని పాప్ స్టేషన్ అప్పుడు ధైర్యం చేసేది.

పది సెకన్ల పరీక్ష

పాప్ రేడియో పెట్టిన షరతులు ఎక్కడ తయారయ్యాయో అర్థం కావాలంటే స్టేషన్లు పాటల్ని పరీక్షించే తీరు చూడాలి. దాన్ని కాలౌట్ రీసెర్చ్ అంటారు. స్టేషన్ తరఫున శ్రోతలకు ఫోన్ చేసి, పాటలో అందరికీ గుర్తుండే ముక్కను, అంటే హుక్‌ను, పది సెకన్లో అంతకంటే తక్కువో వినిపిస్తారు. ఈ పాట తెలుసా? నచ్చిందా? విని విని విసుగొచ్చిందా? జవాబులను బట్టి పాట వారానికి ఎన్నిసార్లు పడాలో తేలుతుంది.

ర్యాప్ పాట బలం చాలావరకు చరణాల్లో ఉంటుంది. మాట మీద మాట పేర్చుకుంటూ పోవడంలో, పదహారు లైన్ల చివర వచ్చే కొసమెరుపులో, ఊపిరి పట్టి తాళానికి కాస్త వెనకగా పలకడంలో ఉంటుంది. పది సెకన్ల ముక్కలో ఇదేదీ పట్టదు. అదే ఒక గాయని పాడిన పల్లవి అయితే మూడు సెకన్లలో గుర్తుపడతారు. కాబట్టి పల్లవి పాడించాలి, వీలైతే అది ఇంతకుముందే జనానికి తెలిసిన బాణీ అయి ఉండాలి. 1995లో ఏడాది మొత్తానికి నంబర్ వన్ సింగిల్‌గా నిలిచిన కూలియో 'గ్యాంగ్‌స్టాస్ పారడైజ్' స్టీవీ వండర్ పాత పాట మీద కట్టింది, పల్లవి ఎల్.వి. అనే గాయకుడిది. 1997లో పఫ్ డాడీ 'ఐల్ బీ మిస్సింగ్ యూ' 11 వారాలు మొదటి స్థానంలో ఉంది. బాణీ పోలీస్ బృందం పాటది, పల్లవి ఫెయిత్ ఎవాన్స్‌ది. 2002లో నెలీ 'డిలెమా' 10 వారాలు నిలిచింది, పల్లవి కెల్లీ రోలండ్‌ది. జే-జీ అప్పటికే ఎన్నో ఆల్బమ్‌లను నంబర్ వన్ చేసిన మనిషి. ముఖ్య కళాకారుడిగా హాట్ 100లో ఆయనకు మొదటి నంబర్ వన్ 2009లో గానీ రాలేదు. ఆ పాటలో అందరూ పాడుకునేది అలీషియా కీస్ గొంతును.

ఇదే ఏర్పాటు తిరగేసి కూడా నడిచింది. మరాయా కారీ 1995లో 'ఫాంటసీ' రీమిక్స్‌లోకి ఓల్ డర్టీ బాస్టర్డ్‌ను తీసుకురావడంతో పాప్ గాయని పాటలో ర్యాపర్ అతిథిగా రావడం పరిశ్రమకు ఇష్టమైన పద్ధతి అయిపోయింది. భోజనమంతా పాప్, నంజుకోవడానికి కొంచెం ర్యాప్. కంపెనీలు తరచూ ఆ ఎనిమిది, పదహారు లైన్లు తీసేసిన వెర్షన్ కూడా స్టేషన్లకు పంపేవి. నచ్చితే ర్యాప్ ఉన్నది వెయ్యండి, భయమైతే లేనిది వెయ్యండి అని. ఒక కళాకారుడి మొత్తం వాటాను కత్తిరించినా పాట పాటలాగే నిలబడాలి అన్న ఆలోచనతో ఎన్నో పాటలు తయారయ్యాయి. ఇది కళకు జరిగిన చిన్న నష్టం కాదు.

బూతు మాటల సంగతి వేరే. ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్య అసభ్యమైన మాట ప్రసారమైతే స్టేషన్‌కు జరిమానా పడొచ్చు. అందుకని ప్రతి పాటకూ 'క్లీన్' వెర్షన్ చేస్తారు. మాట దగ్గర శబ్దం ఆపేస్తారు, లేదా ఆ మాటను వెనక్కి తిప్పి వినిపిస్తారు, లేదా కొత్త మాట పాడించి అతికిస్తారు. బాగా చేస్తే తెలియదు. తొందరలో చేస్తే చరణం మొత్తం గుంతలు పడ్డ రోడ్డే. 1993లో డాక్టర్ డ్రె, స్నూప్ డాగ్ పాట హాట్ 100లో 2వ స్థానానికి వెళ్లడంలో ఆ మెత్తని సింథసైజర్ బాణీ పాత్ర ఎంతో, జాగ్రత్తగా చేసిన ఇలాంటి శుభ్రతా అంతే.

సింగిల్ నిబంధన పోయాక

1998 డిసెంబరు దాకా ఇంకో నిబంధన ఉండేది. దుకాణంలో సింగిల్‌గా అమ్మకానికి పెట్టని పాట హాట్ 100లోకి రాకూడదు. కంపెనీలు ఆల్బమ్ అమ్ముకోవడానికి సింగిల్‌ను కావాలనే ఆపేవి. దాంతో 1996లో ఫ్యూజీస్ 'కిల్లింగ్ మీ సాఫ్ట్‌లీ', 1997లో విల్ స్మిత్ 'మెన్ ఇన్ బ్లాక్' రేడియో అంతా మోగినా హాట్ 100లో కనిపించలేదు. ఆ డిసెంబరులో బిల్‌బోర్డ్ ఈ నిబంధన ఎత్తేసింది. దానితోపాటు అంతకంటే పెద్ద మార్పు ఒకటి జరిగింది. హాట్ 100 రేడియో లెక్కలోకి పాప్ స్టేషన్లే కాక ఆర్ అండ్ బీ, ర్యాప్, కంట్రీ స్టేషన్లు కూడా వచ్చాయి. హాట్ 97లో మోగిన పాటకు ఇప్పుడు జాతీయ చార్టులో విలువ ఉంది.

తర్వాతి ఐదారేళ్లలో జరిగింది చూస్తే ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. నెలీ 'హాట్ ఇన్ హియర్' 7 వారాలు, ఎమినెమ్ 'లూజ్ యువర్‌సెల్ఫ్' 12 వారాలు, 50 సెంట్ 'ఇన్ ద క్లబ్' 9 వారాలు, ఔట్‌కాస్ట్ 'హే యా' 9 వారాలు, లిల్ జాన్, లూడాక్రిస్ ర్యాప్ ఉన్న అషర్ 'యా' 12 వారాలు. 2003 అక్టోబరులో ఒక వారం హాట్ 100 మొదటి పది స్థానాల్లోనూ నల్లజాతి కళాకారులే ఉన్నారు, చార్టు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం స్టేషన్ల యాజమాన్యంపై జాతీయ పరిమితిని ఎత్తేయడంతో క్లియర్ చానల్ లాంటి ఒకే కంపెనీ చేతికి 1,200కు పైగా స్టేషన్లు చేరాయి. అర్బన్ స్టేషన్, పాప్ స్టేషన్ రెండూ ఒకే యజమానివి అయిన ఊళ్లలో, ఒకదానిలో నెగ్గిన పాట రెండోదానికి వెళ్లడం తేలికైంది. కానీ కొత్త గొంతుకు మొదటి అవకాశం ఇచ్చే స్థానిక డీజే మాటకు విలువ తగ్గిపోయింది కూడా అప్పుడే.

పాప్ పరిశ్రమలో కొందరికి ఈ చార్టు తమది కాదనిపించింది. 2005 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ 'పాప్ 100' అనే ఇంకో చార్టు మొదలుపెట్టింది, అందులో రేడియో లెక్క టాప్ 40 స్టేషన్లదే. హాట్ 100 మీద హిప్‌హాప్, ఆర్ అండ్ బీ ఇంతగా పరుచుకున్నాక, పాప్ స్టేషన్ల ప్రపంచాన్ని విడిగా చూపించడానికి వేరే పట్టిక కావాల్సి వచ్చింది. జనాదరణ పొందినదే పాప్ అన్న నిర్వచనం మీద నడిచిన పరిశ్రమ, జనాదరణ పొందినది ర్యాప్ అయినప్పుడు నిర్వచనాన్నే విడగొట్టుకుంది. 2009లో ఆ చార్టు మూతపడింది.

ఇంతలో డౌన్‌లోడ్లు లెక్కలోకి వచ్చి, క్రెడిట్ కార్డు ఉన్న, పాటకు ఒక డాలరు పెట్టగల శ్రోతల బరువు పెరిగింది. 2009లో బ్లాక్ ఐడ్ పీస్ రెండు డాన్స్ పాటలతో వరుసగా 26 వారాలు మొదటి స్థానంలో ఉండటం ఆ కాలం గుర్తు. 2013 ఇంకా చెప్పుకోదగ్గ ఏడాది. ఆ సంవత్సరమంతా ఒక్క నల్లజాతి కళాకారుడు కూడా ముఖ్య గాయకుడిగా హాట్ 100లో మొదటి స్థానం అందుకోలేదు. మాకిల్‌మోర్, రయాన్ లూయిస్ అనే తెల్లజాతి ర్యాప్ జంట మాత్రం 'థ్రిఫ్ట్ షాప్'తో 6 వారాలు అక్కడ నిలిచింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులోనే బిల్‌బోర్డ్ ర్యాప్ చార్టుల్లోకి పాప్ స్టేషన్ల ప్రసారాలను కూడా కలిపింది. దాంతో ర్యాప్ శ్రోతలు ఏది మెచ్చారన్నది ర్యాప్ చార్టులో కూడా వెనక్కి పోయి, పాప్ స్టేషన్లు ఏది మెచ్చాయన్నది ముందుకొచ్చింది. ఈ నిర్ణయం ర్యాప్‌కు చేసిన అన్యాయం అనే చెప్పాలి.

రేడియోను దాటిన పాట

2012, 2013లలో స్పాటిఫై లాంటి సేవల స్ట్రీమ్‌లు, యూట్యూబ్ చూపులు హాట్ 100లో కలిశాయి. ప్రోగ్రామ్ డైరెక్టర్ అనుమతి లేని లెక్క మొదటిసారి ఇంత పెద్దగా వచ్చింది. పదిహేడేళ్ల కుర్రాడు ఒకే పాటను రోజుకు ఇరవైసార్లు వింటే ఇరవైసార్లూ లెక్కే. అతనికి క్రెడిట్ కార్డు లేకపోయినా ఫరవాలేదు. 2017 నాటికి ఆర్ అండ్ బీ, హిప్‌హాప్ కలిపి రాక్‌ను దాటి అమెరికాలో ఎక్కువగా వినే సంగీత విభాగం అయ్యాయని సంగీత వినియోగాన్ని లెక్కకట్టే నీల్సన్ సంస్థ లెక్కలు చెప్పాయి. ఆ ఏడాదే మిగోస్, కెండ్రిక్ లామార్, కార్డీ బీ నంబర్ వన్‌లు. మరో కళాకారుడి పేరు తోడు లేకుండా ఒక మహిళా ర్యాపర్ పైకెక్కడం 1998లో లారిన్ హిల్ తర్వాత కార్డీ బీతోనే జరిగింది. 2018లో డ్రేక్ మూడు పాటలతో 29 వారాలు మొదటి స్థానాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఈ దశలో పాప్ రేడియో పాట వెనకాల నడిచింది. 2019లో లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' టిక్‌టాక్ ద్వారా పాకి, రెండు నిమిషాలు కూడా లేని నిడివితో, 19 వారాలు హాట్ 100 తలమీద నిలిచింది. కంట్రీ అంశాలు సరిపోలేదని బిల్‌బోర్డ్ దాన్ని కంట్రీ చార్టు నుంచి తీసేసింది. ఆ వాదన సాగుతుండగానే పాట దేశమంతా పాకిపోయింది.

మనవాళ్లకు సంబంధించిన దారి కూడా ఇక్కడే తెరుచుకుంది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజకుమారి అనే ర్యాపర్, రాక్ బృందం ఫాల్ ఔట్ బాయ్ పాట 'సెంచరీస్' రచయితల్లో ఒకరు. ఆ పాట హాట్ 100 మొదటి పదిలోకి వెళ్లింది, కానీ అందులో ఆమె పేరు వినిపించేది రచయితల జాబితాలోనే. 2024కు వచ్చేసరికి కేరళలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన హనుమాన్‌కైండ్ తన పేరుతోనే 'బిగ్ డాగ్స్' పాటను 23వ స్థానానికి తీసుకెళ్లాడు. ఆ పాటను మోసింది యూట్యూబ్, స్ట్రీమింగ్. అమెరికా పాప్ స్టేషన్ల కోసం ఎదురుచూసి ఉంటే బెంగళూరు నుంచి వచ్చిన ఆ గొంతు అక్కడిదాకా వెళ్లేది కాదు.

2023 నుంచి గాలి మళ్లింది. ఆ ఏడాది సెప్టెంబరులో డోజా క్యాట్ పాట వచ్చేదాకా ఒక్క ర్యాప్ పాటా నంబర్ వన్ కాలేదు. 2025 అక్టోబరు 25 నాటి హాట్ 100లో మొదటి 40 స్థానాల్లో ర్యాప్ పాట ఒక్కటీ లేదు. 1990 తర్వాత ఇదే మొదటిసారి. ర్యాప్ పని అయిపోయిందని వెంటనే రాసేశారు.

కానీ ఆ వారం ఏం జరిగిందో చూడాలి. అంతకు ముందు వారం దాకా ఆ నలభైలో మిగిలిన చివరి ర్యాప్ పాట కెండ్రిక్ లామార్, ఎస్‌జెడ్‌ఏ కలిసి చేసిన 'లూథర్'. 13 వారాలు నంబర్ వన్‌గా ఉన్న పాట అది. బిల్‌బోర్డ్ అప్పుడే కొత్త నిబంధన తెచ్చింది. 26 వారాలు దాటిన పాట 25వ స్థానం కిందికి జారితే చార్టు నుంచి తొలగిస్తారు. 'లూథర్' ఆ నిబంధన కిందే వెళ్లిపోయింది. అంతకు ముందు వారమే టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ పాటలు 12 మొదటి 12 స్థానాల్నీ ఆక్రమించి ఉన్నాయి. ఇలాంటి వారంలో మిగతావాళ్లకు మిగిలే జాగా ఎంత?

ర్యాప్‌కు ఇబ్బందులు లేవని దీని అర్థం కాదు. కొత్త తరంలో డ్రేక్ స్థాయికి ఎదిగిన పేరు కనిపించడం లేదు, కంట్రీ బాగా పుంజుకుంది. అయినా 2024 లెక్కల్లో కూడా అమెరికాలో ఎక్కువగా వినే విభాగం ఆర్ అండ్ బీ, హిప్‌హాప్‌దే. వినేవాళ్లు ఉన్నారు, చార్టు పైభాగంలో పాటలు లేవు. ఈ తేడాకు కారణం చాలావరకు పాప్ రేడియో నడకలో ఉంది. కుర్రాళ్లు ఫోన్లకు వెళ్లిపోయాక స్టేషన్ల దగ్గర మిగిలింది పెద్ద వయసు శ్రోతలు. వాళ్లకు తెలిసిన పాట కావాలి. అందుకే గాయకుడు టెడ్డీ స్విమ్స్ పాట ఒకటి వంద వారాలు దాటి హాట్ 100లో ఉండిపోయింది, కొత్త నిబంధన తెచ్చింది కూడా ఇలాంటి పాటల్ని దించడానికే. ర్యాప్ పాట తీరు వేరు. ఆల్బమ్ విడుదలైన వారం ఒక్కసారిగా పైకొచ్చి, మూడో వారానికి శ్రోతలు ఇంకో కొత్త పాటకు వెళ్లిపోతారు. నెలల తరబడి రేడియోలో నానితేనే నిలిచే చార్టులో అలాంటి పాటకు చోటు దొరకడం కష్టం. 'లూథర్' అంతకాలం నిలవడానికి కారణమూ పాప్ స్టేషన్ల పాత షరతుల్లోనే కనిపిస్తుంది. నెమ్మదైన నడక, పాడిన పల్లవి, లూథర్ వాండ్రాస్, షెరిల్ లిన్ 1982లో పాడిన పాట నుంచి తీసుకున్న శాంపిల్, అంటే పాత రికార్డులోంచి తీసి వాడుకున్న ముక్క.